మోకాళ్లు అరిగితే నడక మానేయాలా?

సాయంత్రం స్కూల్ బస్సు కొండాపూర్, నల్లగండ్ల, తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర ఆగేసరికి పిల్లల కోసం ఎదురుచూస్తూ నిలబడేది ఎక్కువగా అమ్మమ్మలు, నానమ్మలు, తాతయ్యలే. అమ్మానాన్నలిద్దరూ ఆఫీసుకు వెళ్లే ఇంట్లో పిల్లల చదువు సాఫీగా సాగడంలో ఆ పెద్దవాళ్ల మోకాళ్ల వాటా తక్కువేమీ కాదు. అలాంటి ఇంట్లో ఒకరోజు "గుజ్జు అరిగిపోయిందట, ఇక ఎక్కువ నడవకూడదట" అనే మాట వినిపిస్తుంది. ఆ రోజు నుంచి నానమ్మ కిందికి దిగడం తగ్గిస్తుంది. కొన్ని నెలలు గడిచాక లిఫ్టు దాకా రావడమే కష్టమవుతుంది. ఈ నెల ఆరోగ్య పాఠం ఆ మాట గురించే. అరిగిన మోకాలికి పూర్తి విశ్రాంతి మందు కాదు. కొలత తెలిసిన కదలికే దాని మొదటి మందు.

తొమ్మిదో తరగతిలో కణజాలాల పాఠం చదివిన పిల్లలుంటే మృదులాస్థి అంటే ఏమిటో వాళ్లనే అడగండి. కీలులో ఎముకల చివర్లను కప్పి ఉంచే నున్నటి తెల్లటి పొర అది. మనం గుజ్జు అనేది మామూలుగా దీన్నే. దీనికి రక్తనాళాలు లేవు, నాడులూ లేవు. ఈ రెండు విషయాలు గుర్తుంటే జబ్బు సగం అర్థమైనట్టే. రక్తనాళాలు లేవు కాబట్టి దానికి పోషణ కీలులోని ద్రవం నుంచే అందాలి. గిన్నెలు తోమే స్పాంజిని నొక్కి వదిలితే నీళ్లు పోయి మళ్లీ ఎలా నిండుతాయో, అడుగు వేసి ఎత్తినప్పుడు ఈ పొరలోనూ అలాగే జరుగుతుంది. రోజంతా కదలకుండా కూర్చుంటే ఆ రాకపోకలు తగ్గిపోతాయి. ఇక నాడులు లేవు కాబట్టి నొప్పి పుట్టేది ఆ పొరలో కాదు. కింది ఎముకలో, కీలును లోపల కప్పి ఉండే పలచటి పొర వాపులో, చుట్టూ ఉన్న కండరాల్లో పుడుతుంది. అందుకే ఎక్స్‌రేలో బాగా అరిగినట్టు కనిపించినా మార్కెట్టుకు నడిచి వెళ్లేవాళ్లున్నారు, కొంచెమే అరిగినా కుంటేవాళ్లున్నారు.

కాబట్టి ఫిల్ము చూసి భయపడవద్దు. నలభై ఐదు దాటిన వ్యక్తికి నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో నొప్పి వస్తూ, పొద్దున లేవగానే పట్టేసినట్టున్న కాలు అరగంటలోపు సర్దుకుంటే, చాలాసార్లు ఎక్స్‌రే లేకుండానే డాక్టరు ఇది అరుగుదల అని చెప్పగలరు. ఎమ్మారై అయితే ఇంకా గందరగోళం. అమెరికాలో 50 దాటినవారిపై చేసి 2008లో ప్రచురించిన ఒక పరిశీలనలో దాదాపు 35 శాతం మందికి మోకాలిలోని మెనిస్కస్ చిరిగినట్టు కనిపించింది. వారిలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో ఏ నొప్పీ లేదు. అంటే రిపోర్టులో "చిరిగింది" అని ఉన్నంత మాత్రాన నొప్పికి కారణం అదే కానక్కరలేదు.

అయితే ప్రతి మోకాలి నొప్పీ అరుగుదల కాదు. కీలు ఎర్రగా వేడిగా వాచి జ్వరం వస్తే, కాలు మధ్యలో బిగుసుకుపోయి చాపలేకపోతే, పొద్దుటి బిగుతు గంటల తరబడి ఉండి వేళ్ల కీళ్లు కూడా వాస్తే ఆలస్యం చేయకూడదు. నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పెద్దవాళ్లయితే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. ఫ్లోరోసిస్ వల్ల వచ్చే కీళ్ల బిగుతు, నొప్పి వేరే కథ.

ఇప్పుడు చికిత్స. ముందుగా తొడ ముందు భాగంలోని కండరం. మోకాలి మీద పడే కుదుపును చాలావరకు మోసేది అదే. నొప్పి వల్ల నడక మానేస్తే మొదట చిక్కిపోయేదీ అదే. అది చిక్కితే నొప్పి ఇంకా పెరుగుతుంది. ఈ గొలుసును తెంచడానికి జిమ్ అవసరం లేదు. కుర్చీలో కూర్చుని ఒక కాలును నెమ్మదిగా నిటారుగా చాపి, అయిదు అంకెలు లెక్కపెట్టి దించడం. ఒక్కో కాలికి పదిసార్లు. అది సులువయ్యాక, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మొదట ఎత్తైన కుర్చీతో, పడిపోతామన్న భయముంటే పక్కన ఒకరిని ఉంచుకుని చేయాలి. చేసేటప్పుడు కొంచెం నొప్పి రావడం సహజం. మర్నాటి పొద్దునకు మామూలుగా ఉంటే కొనసాగించవచ్చు. మర్నాడు నొప్పి పెరిగితే మానకండి, సగానికి తగ్గించండి. ఫలితం వారంలో రాదు, రెండు మూడు నెలలు పడుతుంది. ఇక్కడే చాలామంది వదిలేస్తారు. మనవడో మనవరాలో పక్కన కూర్చుని అంకెలు లెక్కపెడితే వదలడం తగ్గుతుందని మా నమ్మకం.

చిన్న విషయాలూ కొన్ని ఉన్నాయి. చేతికర్ర నొప్పి ఉన్న కాలి వైపు కాదు, ఎదుటి చేతిలో ఉండాలి. చాలామంది తిరగేసి పట్టుకుంటారు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. బాసింపట్టు వేసుకుని నేల మీద ఎక్కువసేపు కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం నొప్పి ఉన్నన్నాళ్లు తగ్గించాలి. పూజ కుర్చీలో కూర్చుని చేసుకున్నా దేవుడు ఏమీ అనుకోడు.

రెండోది బరువు. ఇది పెద్దవాళ్ల కంటే ఈ పేజీ చదువుతున్న మీకే ఎక్కువ వర్తిస్తుంది. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో వెలువరించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరినట్టు, 71 శాతం మందికి ఊబకాయం ఉన్నట్టు తేలింది. అది కాలేయం గురించిన అధ్యయనమే, కానీ ఆ బరువును మోసేది మోకాళ్లే. శరీరం బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలిపై భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని అమెరికాలో 2005లో లెక్కకట్టారు. ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనంలో పదేళ్లలో అయిదు కిలోల మేర తగ్గిన మహిళల్లో నొప్పితో కూడిన అరుగుదల ముప్పు సగానికి పైగా తగ్గింది. అయిదు కిలోలు అందని లక్ష్యం కాదు. మోకాలు నొప్పెడుతూ నడవలేనివారికి సైకిల్ తేలిక. 2023లో 23 కిలోమీటర్ల మేర ప్రారంభమైన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఔటర్ పక్కనే ఉంది. వారాంతంలో టర్ఫ్ మీద ఆడి మోకాలి లిగమెంటు తెంపుకున్నవారికి పదీ ఇరవై ఏళ్ల తర్వాత అరుగుదల ముప్పు ఎక్కువ, కాబట్టి ఫిజియోథెరపీని మధ్యలో ఆపకండి.

మందుల విషయానికొస్తే, నొప్పి నివారణకు మోకాలి మీద రాసే జెల్‌తో మొదలుపెట్టడం మంచిది. బీపీ, షుగరు, కిడ్నీ సమస్యలున్న పెద్దవాళ్లు నొప్పి మాత్రలను సొంతంగా మెడికల్ షాపులో కొని నెలల తరబడి మింగడం ప్రమాదం. నువ్వుల నూనె మర్దన హాయినిస్తుంది, గుజ్జును మాత్రం పెంచదు. గ్లూకోసమైన్ మాత్రలు, కీలులో వేసే హయలురోనిక్ ఇంజెక్షన్లు ఇవ్వవద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చేది కొద్ది వారాల ఉపశమనమే.

"చిన్న రంధ్రంతో కీలు శుభ్రం చేస్తాం" అనే మాట వింటే హ్యూస్టన్ కథ గుర్తు చేసుకోండి. అక్కడ 180 మంది రోగులను మూడు గుంపులు చేశారు. రెండు గుంపులకు నిజంగానే కీలు కడిగారు, గీకారు. మూడో గుంపుకు చర్మం మీద గాట్లు పెట్టి కుట్లు వేశారంతే. ఎవరు ఏ గుంపో రోగులకు చెప్పలేదు. రెండేళ్ల తర్వాత చూస్తే మూడు గుంపుల నొప్పిలో తేడా లేదు. 2002లో ఆ ఫలితం ప్రచురితమైంది.

కీలు మార్పిడి మాత్రం నిజమైన చికిత్సే, దాని సమయం వచ్చినప్పుడు. నెలల తరబడి వ్యాయామం చేసినా రాత్రి నిద్ర పట్టనంత నొప్పి, ఇంట్లో నాలుగడుగులకే ఆగిపోవడం ఉంటే భయంతో వాయిదా వేయకండి. డెన్మార్క్‌లో ఆపరేషన్‌కు అర్హులైన వంద మందిలో సగం మందికి ముందు వ్యాయామం, ఆహార నియమాలతో చికిత్స చేస్తే, ఏడాదిలో ఆపరేషన్ చేయించుకున్నది 13 మంది. ఆపరేషన్ అయినవారికి నొప్పి ఎక్కువ తగ్గింది, తీవ్రమైన దుష్ఫలితాలూ వారికే ఎక్కువ. రెండు వైపులా చూసుకుని నిర్ణయించుకోవాల్సిన విషయం ఇది. మన దేశంలో 2017 ఆగస్టులో ప్రభుత్వం మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలు. కాబట్టి ఆసుపత్రి ప్యాకేజీ చెప్పినప్పుడు ఇంప్లాంట్ ఖరీదు ఎంత, మిగతాది దేనికి అని విడిగా రాసివ్వమని అడగండి. ఫిజియోథెరపీ అందులో ఎన్ని రోజులుందో కూడా అడగండి. ఆపరేషన్‌కు ముందు నుంచే కుర్చీ వ్యాయామం చేసి తొడలో బలం పెంచుకున్నవారు మంచం మీది నుంచి లేచి అడుగులు వేయడం సులువవుతుంది.