దేవుడికి టోపీ పెట్టడం ఎలా?

తెలుగులో 'టోపీ పెట్టాడు' అంటే మోసం చేశాడని అర్థం. మోసం కాస్త పెద్దదైతే 'కుచ్చుటోపీ' అంటాం. మా నస్పూర్‌లో మాత్రం టోపీ అనగానే ముందు గుర్తొచ్చేది బాయి టోపీ. తలకు గట్టి హెల్మెట్, దానికి లాంప్ రూమ్‌లో తీసుకున్న లైటు, నడుముకు బ్యాటరీ. శ్రీరాంపూర్ ఏరియా ఆర్‌కే బాయిల్లో దిగేవాళ్ళ ఇళ్ళల్లో పెరిగిన నాలాంటి వాళ్ళకు ఆ టోపీ ఆటవస్తువు కాదు.

ఈ వ్యాసం మూడో రకం టోపీ గురించి. అది గుప్పెట్లో పట్టేంత చిన్నది. ఊలు దారంతో, ఒక్క కొక్కెంతో అల్లేది. పెట్టేది దేవుడి తలకు. అల్లడం నేర్పిస్తాను, దాని వెనక లెక్క చెప్తాను. చివర్లో ఒక ప్రశ్న అడుగుతాను. హాస్టల్ రూమ్‌లో కూర్చుని ఒక సాయంత్రంలో చేయగలిగిన పని కాబట్టి బ్రాంచితో సంబంధం లేకుండా అందరూ చదవొచ్చు.

ఈ టోపీ ఎవరికి?

లడ్డూ గోపాల్ అంటే పాకుతూ, ఒక చేతిలో లడ్డూ పట్టుకున్న చిన్నికృష్ణుడి విగ్రహం. ఉత్తరాదిలో చాలా ఇళ్ళల్లో ఆయన్ని ఇంట్లో పసివాడిలాగే చూస్తారు. పొద్దున లేపుతారు, స్నానం చేయిస్తారు, ఎండాకాలం పల్చటి బట్టలు, చలికాలం ఊలు స్వెటరు, టోపీ వేస్తారు. ఇంట్లో పిల్లాడికి చలేస్తే ఊరుకుంటామా అన్నదే అక్కడి తర్కం. పెద్ద గుళ్ళలోనూ ఈ ఆలోచన ఉంది. పూరీ జగన్నాథుడికి మార్గశిర శుద్ధ షష్ఠి నుంచి వసంత పంచమి దాకా చలికాలపు వస్త్రాలు వేస్తారు. మొదలయ్యే రోజును ఒడియాలో ఓఢణ షష్ఠి అంటారు.

బొగ్గు బాయిల ఊళ్ళకు ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తారు, వాళ్ళతోపాటు వాళ్ళ దేవుళ్ళూ వస్తారు. మా పక్క క్వార్టర్ ఆంటీ వాళ్ళది ఉత్తరప్రదేశ్. వాళ్ళింటి గోపాల్‌కు మా అమ్మ ఏటా చలికాలం టోపీ అల్లిస్తుంది. నేను నేర్చుకున్నది ఆ టోపీతోనే.

కావలసినవి

నాలుగు పోగుల ఊలు దారం ఒక చిన్న ఉండ, 2.5 మి.మీ. క్రోషే కొక్కెం, కత్తెర, ఒక పిన్నీసు, చివరి పోగు దాచడానికి పెద్ద కన్నున్న సూది. అంతే. మామూలు షాపుల్లో ఊలు అని అమ్మేది చాలావరకు అక్రిలిక్. ఉతకడానికి తేలికే కానీ, మంట తగిలితే కరుగుతుంది. అందుకే టోపీ పెట్టిన విగ్రహానికి దీపం కాస్త దూరంగా ఉండాలి. అభిషేకానికి ముందు టోపీ తీసేయాలి.

కొలత ఇలా తీయండి. విగ్రహం తల చుట్టూ, కొప్పు కూడా కలిసేలా ఒక దారం తిప్పి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టండి. మన ఉదాహరణకు 12 సెం.మీ. అనుకుందాం.

ఆరే ఎందుకు?

అల్లిక మొదలుపెట్టేముందు ఒక చిన్న లెక్క. టోపీ నడినెత్తి నుంచి మొదలవుతుంది. అంటే ముందు ఒక బల్లపరుపు గుండ్రం అల్లాలి. వృత్తం వ్యాసార్ధం ఎంత పెరిగితే చుట్టుకొలత దానికి రెండు 'పై' రెట్లు, అంటే సుమారు 6.28 రెట్లు పెరుగుతుంది. ఇది మనకు ఏడో క్లాసు నుంచి తెలిసిందే.

సింగిల్ క్రోషే కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం. కాబట్టి ఒక వరస అల్లితే వ్యాసార్ధం ఒక కుట్టంత పెరుగుతుంది, చుట్టుకొలత ఆరు కుట్లకు కాస్త పైన పెరగాలి. కుట్లను ముక్కలు చేయలేం కనుక ఆరు దగ్గర ఆగుతాం. అందుకే వరసలు 6, 12, 18, 24, 30 అని పెరుగుతాయి. మిగిలిన ఆ 0.28ని దారానికున్న సాగే గుణం సర్దేస్తుంది.

ఆరుకు బదులు నాలుగే పెంచితే చుట్టుకొలత చాలక అల్లిక గిన్నెలా ముడుచుకుంటుంది. తొమ్మిది పెంచితే చోటు చాలక అంచు అలలు అలలుగా లేస్తుంది. ఆ అలలకు గణితంలో గొప్ప పేరుంది. కార్నెల్ యూనివర్సిటీలో పనిచేసిన లాట్వియా గణితవేత్త డైనా టైమినా 1997లో హైపర్‌బోలిక్ తలాన్ని క్రోషేతోనే అల్లి చూపించింది. కాగితంతో చేసిన నమూనాలు చిరిగిపోతుంటే, కొక్కెంతో చేసినవి విద్యార్థుల చేతుల్లో నలిగినా నిలిచాయి. మన టోపీకి ఆ అలలు వద్దు కాబట్టి ఆరు దగ్గరే ఉందాం.

ఇప్పుడు మన కొలత. నా చేతికి ఈ దారంతో 2 సెం.మీ.లో 5 కుట్లు వస్తాయి, అంటే ఒక్కో కుట్టు 0.4 సెం.మీ. 12 సెం.మీ. చుట్టుకొలతకు 30 కుట్లు కావాలి. 30 అంటే ఆరు అయిదులు, కాబట్టి పెంచే వరసలు అయిదు. మీ చేతి బిగువు వేరుగా ఉంటుంది. ముందు ఒక చిన్న ముక్క అల్లి కొలుచుకుని, వచ్చిన సంఖ్యను దగ్గరి ఆరో గుణిజానికి సవరించుకోండి.

అల్లిక

ముందు సింగిల్ క్రోషే. కొక్కెం మీద ఎప్పుడూ ఒక ఉచ్చు ఉంటుంది. కింది వరస కుట్టు తల మీద జడలా కనిపించే రెండు పోగుల కిందుగా కొక్కెం దూర్చి, దారం పట్టి, ఇవతలికి లాగండి. ఇప్పుడు కొక్కెం మీద రెండు ఉచ్చులుంటాయి. మళ్ళీ దారం పట్టి ఆ రెండింట్లోంచీ ఒకేసారి లాగేయండి. ఒక కుట్టు అయింది.

మొదలు: దారాన్ని రెండు వేళ్ళ చుట్టూ తిప్పి వదులు రింగు చేయండి. అందులోంచి ఒక ఉచ్చు లాగి, ఒక గొలుసు కుట్టు వేయండి.

1వ వరస: రింగులోకి 6 సింగిల్ క్రోషేలు. తోక దారం లాగితే రింగు మూసుకుపోతుంది. ప్రతి వరసలో మొదటి కుట్టుకు పిన్నీసు పెట్టుకోండి. లేకపోతే వరస ఎక్కడ మొదలైందో తెలియదు.

2వ వరస: ప్రతి కుట్టులో రెండేసి. మొత్తం 12.

3వ వరస: ఒకదాంట్లో ఒకటి, పక్కదాంట్లో రెండు, ఇలా ఆరుసార్లు. మొత్తం 18.

4వ వరస: రెండింటిలో ఒక్కొక్కటి, మూడోదాంట్లో రెండు, ఆరుసార్లు. మొత్తం 24.

5వ వరస: మూడింటిలో ఒక్కొక్కటి, నాలుగోదాంట్లో రెండు, ఆరుసార్లు. మొత్తం 30.

సీఎస్ఈ వాళ్ళకు ఇది ఫర్ లూప్ అని ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. పెంచే కుట్లు ప్రతిసారీ ఒకదాని మీద ఒకటి పడితే గుండ్రం కాస్తా షట్కోణంలా కనిపిస్తుంది. నాలుగో వరస నుంచి పెంచే చోటు ఒకటి రెండు కుట్లు పక్కకు జరిపితే మూలలు పోతాయి.

6 నుంచి 9వ వరస దాకా: పెంచడం ఆపేయండి. ప్రతి కుట్టులో ఒక్కటే, వరసకు 30. పెంచడం ఆపగానే అంచు దానంతటదే కిందికి తిరుగుతుంది. బల్లపరుపుది టోపీ అవుతుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

10వ వరస, అంచు: జరీ దారం కలిపి గవ్వ ఆకారాలు వేయొచ్చు. రెండు కుట్లు వదిలి, మూడోదాంట్లో 5 డబుల్ క్రోషేలు, మళ్ళీ రెండు వదిలి, ఆ తర్వాతిదాంట్లో ఒక జారుకుట్టు. డబుల్ క్రోషేకు ముందే కొక్కెం మీద దారం ఒకసారి చుట్టి, ఉచ్చులను రెండేసి చొప్పున రెండుసార్లు దించాలి. జారుకుట్టులో దూర్చి లాగిన దారాన్ని నేరుగా ఉచ్చులోంచి కూడా లాగేయాలి. ఒక గవ్వకు 6 కుట్ల చోటు పడుతుంది, 30లో సరిగ్గా 5 గవ్వలు కూర్చుంటాయి. దారం తెంపి, చివర సూదితో లోపలికి దాచేయండి. పైన చిన్న కుచ్చు కుడితే, అచ్చంగా కుచ్చుటోపీయే.

అంచు కాకుండా లెక్కేస్తే 90 + 120, మొత్తం 210 కుట్లు. నాకు రెండు గంటలు పడుతుంది. అమ్మకు అందులో సగం చాలు.

ముస్లిం సోదరులు నమాజుకు పెట్టుకునే అల్లిక టోపీ దగ్గరగా చూడండి. అదీ నడినెత్తి నుంచే మొదలై గుండ్రంగా పెరుగుతుంది. అన్ని మతాలకూ 'పై' విలువ ఒకటే.

యంత్రం ఎందుకు చేయలేదు?

స్వెటర్లు అల్లే యంత్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి. అక్కడ వరసలోని ఉచ్చులన్నీ తలా ఒక సూది మీద వరసగా నిలబడి ఉంటాయి, యంత్రానికి ఏది ఎక్కడుందో తెలుసు. క్రోషేలో అలా కాదు. కొక్కెం మీద ఉండేది ఒక్క ఉచ్చే. ప్రతి కుట్టుకూ కొక్కెం అప్పటికే తయారైన మెత్తటి గుడ్డలో సరైన రంధ్రం వెతుక్కుని దూరాలి. ఆ గుడ్డ వంగుతుంది, సాగుతుంది, తిరుగుతుంది. వేలికొస పట్టేసేదాన్ని యంత్రం పట్టుకోవడం కష్టం. ప్రయోగశాలల్లో నమూనాలు వచ్చాయి కానీ, చేతి క్రోషే స్థానంలో ఫ్యాక్టరీలో నిలబడే యంత్రం రాలేదు. షాపుల్లో క్రోషేలా కనిపించే మెషిన్ లేసు వేరే పద్ధతిలో అల్లింది.

దీని అర్థం ఒక్కసారి ఆలోచించండి. మీరు ఎక్కడ నిజమైన క్రోషే చూసినా, అది ఎంత చవకగా దొరికినా, దాని వెనక ఒక మనిషి కూర్చుని గడిపిన గంటలు ఉన్నాయి.

నర్సాపురం పాఠం

తెలుగు నేల మీద ఆ గంటల చరిత్ర పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురంలో ఉంది. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ మిషనరీ దంపతులు అక్కడి ఆడవాళ్ళకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. దాదాపు అదే కాలంలో ఐర్లండ్‌లో బంగాళదుంప కరువు వస్తే, అక్కడి పేద ఇళ్ళకూ క్రోషే లేసు తిండి పెట్టింది. నర్సాపురం లేసు దేశాలు దాటింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఆ లేసు అల్లేవాళ్ళ గురించి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఆమె చెప్పింది సూటిగా ఇదీ: సరుకు ప్రపంచ మార్కెట్‌కు పోతోంది, అల్లిన మనిషిని మాత్రం 'ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణి' అంటున్నారు. ఖాళీ టైంలో చేసింది పని కాదు కదా, కాబట్టి కూలి ఎంత తక్కువిచ్చినా ఎవరికీ తప్పుగా అనిపించదు.

ఇది చదివినప్పుడు నాకు మా ఊరి మాట ఒకటి గుర్తొచ్చింది: మస్టర్. సింగరేణిలో హాజరును మస్టర్ అంటారు. ఈ నెల ఎన్ని మస్టర్లు అన్నదాన్ని బట్టే ఇంట్లో లెక్కలు నడుస్తాయి. 2025 దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం ప్రకారం ఏడాది సర్వీసు పూర్తయినట్టు లెక్కించాలంటే భూగర్భంలో పనిచేసేవాళ్ళకు 190 హాజర్లు, మిగతావాళ్ళకు 240 కావాల్సి ఉండేది. అంటే బాయిలో దిగిన ప్రతి రోజుకూ ఒక రాత ఉంది. అడిగే హక్కు ఆ రాత నుంచే వస్తుంది. బాపు పనికి మస్టర్ ఉంది. అమ్మ అల్లికకు లేదు.

ఇక నా ప్రశ్న

చలికాలం బజారులో లడ్డూ గోపాల్ టోపీలు అమ్ముతారు. ఒకటి 40 రూపాయలు అనుకుందాం. దారానికి 8 పోతే 32 మిగిలింది. షాపతను, తెచ్చిచ్చినతను తీసుకోకపోయినా, రెండు గంటల పనికి గంటకు 16 రూపాయలు. వాళ్ళు తీసుకున్నాక ఎంత మిగులుతుందో మీరే వేసుకోండి. ఆ టోపీని కూడా 'ముప్పైకిస్తావా' అని బేరమాడి, తెచ్చి దేవుడి తలకు పెడితే, టోపీ పెట్టింది ఎవరికి?

కొన్నది పూజకు పనికిరాదని నేననడం లేదు. అందరికీ అల్లడం రాదు, రావాల్సిన అవసరమూ లేదు. కానీ చేతి అల్లికను దేవుడికిచ్చే వస్తువుగా ఎంచుకున్నామంటే, మనం ఇస్తున్నది ఊలు కాదు, అది చలికి అడ్డం పడే సంగతీ కాదు, విగ్రహానికి చలి వేయదని ఆంటీకీ తెలుసు. ఇస్తున్నది ఆ 210 కుట్ల సమయం. అది మన సమయమైతే మంచిదే. వేరేవాళ్ళదైతే ముందు దాని విలువ వాళ్ళకు చేరాలి.

ఆంటీ దీనికి తనదైన దారి కనిపెట్టింది. మొదటి ఏడాది డబ్బులివ్వబోతే అమ్మ తీసుకోలేదు. "దేవునికి అల్లేదానికి పైసలేందక్కా" అంది. ఆంటీ వాదించలేదు. మర్నాడు అమ్మ అల్లడానికి కూర్చున్న టైంకు మా ఇంటికొచ్చి, చిక్కుడుకాయలు ఈనెలు తీసి, బియ్యం ఏరి, సింకులో గిన్నెలు తోమి, అమ్మ కొక్కెం కింద పెట్టాకే వెళ్ళింది. "నీ గంట నా గోపాల్‌కిచ్చినవ్, నా గంట నీకు" అంది, తనకొచ్చిన తెలుగులో. అప్పట్నుంచి ఏటా అదే పద్ధతి.

అల్లడం మొదలుపెట్టేవాళ్ళకు చివరిగా ఒక సూచన. మొదటి టోపీకి ఎంతసేపు పట్టిందో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత ఎక్కడైనా చేతి అల్లిక ధర అడిగే ముందు ఆ కాగితం ఒకసారి చూసుకోండి.