స్మార్ట్‌ఫోన్ సౌలభ్యాలపై కరదీపిక: మనమే రాసి, మనమే ప్రచురించుకోవడం

బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో, తుంగభద్ర ఒడ్డున కెంచనగుడ్డ అనే ఊరు ఉన్నది. అటువంటి ఊరి నుండి బతుకుతెరువు కోసం బెంగళూరు వంటి నగరానికి వచ్చిన ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఊళ్లో అవ్వ ఉన్నది. ఆమెకు చూపు మందగించింది. మనుమరాలు ఇక్కడి నుండి ఒక స్మార్ట్‌ఫోన్ కొని పంపింది. పింఛను జమ అయినట్లు బ్యాంకు నుండి సందేశం వస్తే, దానిని చదివిపెట్టమని అవ్వ ఎవరినో ఒకరిని పిలవాలి. ఓటీపీ వచ్చినా అంతే. చదివేవారు మంచివారే కావచ్చు. అయినా తన ఖాతాలో ఎంత సొమ్మున్నదో తనకన్నా ముందు ఇరుగుపొరుగుకు తెలియడం ఎవరికైనా నొప్పి కలిగించే విషయమే. ఓటీపీ పరుల కంటబడడం ప్రమాదకరం కూడా.

ఆ సందేశాన్ని చదివి వినిపించే సాధనం ఆమె చేతిలోని ఫోనులోనే ఉన్నది. దానికి వేరే రుసుము లేదు. దానిని ఎలా వాడాలో ఆమెకు తెలిసిన మాటల్లో చెప్పే పుస్తకమే లేదు. అటువంటి చిన్న కరదీపికను రాసి ప్రచురించడం ఒక సాధారణ కుటుంబానికి, ఒక వీధి సంఘానికి సాధ్యమైన పని. దానికి కావలసిన తెలివిడిని ఈ పాఠం అందిస్తుంది.

1. ఫోనులో ఉన్న సాధనాలు

ఆండ్రాయిడ్ ఫోన్లలో తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాధనం టాక్‌బ్యాక్. ఐఫోనులో ఆ పని చేసేది వాయిస్‌ఓవర్. రెండూ 2009లో వాడుకలోకి వచ్చాయి. టాక్‌బ్యాక్‌కు మూలమైన గూగుల్ ప్రయత్నంలో ప్రధాన పాత్ర వహించిన టి. వి. రామన్ భారతదేశంలో పుట్టి పెరిగినవారు. చిన్ననాటనే చూపు కోల్పోయినవారు. కంప్యూటర్లలో తెరను చదివే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాధనాన్ని 2006లో ఆరంభించిన మైకేల్ కరన్ కూడా చూపు లేనివారే. అవసరం ఎరిగినవారు పనిలో ఉంటేనే సాధనం పనికివస్తుందనడానికి ఇవి నిదర్శనాలు. పుస్తకానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది.

చూపు కొంత మిగిలి ఉన్నవారికి అక్షరాల పరిమాణం పెంచుకోవడం, తెరలో ఒక భాగాన్ని పెద్దదిగా చూపే భూతద్దం సౌకర్యం, ఎంచుకున్న భాగాన్ని మాత్రమే చదివించే 'సెలెక్ట్ టు స్పీక్' చాలవచ్చు. చేతులు వణికేవారికి తాకి పట్టుకునే వ్యవధిని పెంచుకునే అమరిక ఉన్నది. అక్షరాలు కొట్టలేనివారు మాటతో రాయవచ్చు; గూగుల్ ఈ సౌకర్యాన్ని 2017లో తెలుగు, కన్నడ భాషలకు కూడా విస్తరించింది. చేతిలోని నోటు విలువను చెప్పే 'మణి' అనే యాప్‌ను భారతీయ రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న విడుదల చేసింది. దానికి ఇంటర్నెట్ అవసరం లేదు.

2. మాట ఒకటి, లిపి మరొకటి

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. సిరుగుప్ప, బళ్ళారి మొదలైనవి మైసూరు రాష్ట్రంలో ఉండిపోయాయి. నాటి నుండి ఈ సరిహద్దు ఊళ్లలో ఇంట తెలుగు, బడిలో కన్నడం అనే స్థితి అనేక కుటుంబాలలో కనిపిస్తుంది. తెలుగు చక్కగా మాట్లాడుతూ, తెలుగు లిపి చదవలేనివారు ఎందరో ఉన్నారు.

కరదీపిక రాసేవారు దీనిని మొదటనే గుర్తించాలి. తెలుగు లిపిలో అచ్చువేసిన పుస్తకం ఆ ఇంటి యువకునికి అందకపోవచ్చు. దాని ధ్వనిరూపం అందరికీ అందుతుంది. ఒకే పాఠాన్ని తెలుగు లిపిలోను, కన్నడ అనువాదంగాను, ధ్వనిరూపంలోను సిద్ధం చేయడం మేలు. ఫోనులో కూడా ఒక్క గొంతు చాలదు. బంధువుల సందేశం తెలుగులో, ప్రభుత్వ ప్రకటన కన్నడంలో, బ్యాంకు సమాచారం ఇంగ్లీషులో వస్తాయి. అందుచేత మూడు భాషల గొంతులనూ ముందుగానే ఫోనులోకి దించుకోవాలి. తెలుగు గొంతు లేని ఫోను తెలుగు అక్షరాలను వదలివేసి ముందుకు పోవచ్చు. సాధనమే చెడిపోయిందని పెద్దలు దానిని పక్కన పెట్టేది ఇటువంటప్పుడే. గొంతుల అమరికను మొదటి అధ్యాయంలోనే చెప్పాలి.

3. పరిధిని నిర్ణయించుకోవడం

అన్ని ఫోన్లకూ, అన్ని అవసరాలకూ ఒకే పుస్తకం రాయబూనితే అది ముగియదు. ఒక రకం ఫోను, ఒక రకం అవసరం, ఏడెనిమిది పనులు ఎంచుకోండి. ఉదాహరణకు: ఫోను మాట్లాడేటట్లు చేయడం, ఆపడం; వచ్చిన పిలుపుకు బదులివ్వడం; ఇంటివారికి ఫోను చేయడం; సందేశం వినడం; మాటతో సందేశం పంపడం; నోటును గుర్తించడం; ఆపద వేళ సహాయం కోరడం.

వీటిలో 'ఆపడం' మొదటి పుటలోనే ఉండాలి. టాక్‌బ్యాక్ నడుస్తున్నప్పుడు ఫోను తీరు మారిపోతుంది: ఒకసారి తాకితే ఆ అంశం పేరు చెబుతుంది, రెండుసార్లు తట్టితేనే పని చేస్తుంది. ఆపే దారి తెలియనివారు బెదిరిపోయి మరల దాని జోలికి పోరు. ఆ సులభమార్గాన్ని ముందుగా అమర్చుకున్న ఫోన్లలో, ధ్వని పెంచే తగ్గించే రెండు మీటలనూ కలిపి కొన్ని క్షణాలు నొక్కి ఉంచితే టాక్‌బ్యాక్ ఆగుతుంది. అలాగే నొక్కితే మరల మొదలవుతుంది.

ఫోను సాఫ్ట్‌వేర్ మారినప్పుడు అమరికల పేర్లు, చోట్లు కూడా మారుతుంటాయి. అమెరికాలో షెల్లీ బ్రిస్బిన్ అనే పాత్రికేయురాలు ఐఫోన్, ఐప్యాడ్ సౌలభ్యాలపై 'ఐఓఎస్ యాక్సెస్ ఫర్ ఆల్' అనే గ్రంథాన్ని స్వయంగా ప్రచురించి, కొత్త సాఫ్ట్‌వేర్‌కు తగినట్లు కొత్త కూర్పులు వెలువరిస్తూ వచ్చారు. ఇటువంటి పుస్తకం ఒకసారి రాసి ముగించేది కాదని దీనివలన తెలుస్తుంది. మీ పుస్తకం మొదటి పుటలో ఏ ఫోనును, ఏ సాఫ్ట్‌వేర్‌ను, ఏ నెలలో పరీక్షించి రాశారో తప్పక పేర్కొనండి.

4. చెవి కోసం రాయడం

ఈ రెండు వాక్యాలను పోల్చి చూడండి.

"కుడివైపు కింద ఉన్న పచ్చ గుర్తును నొక్కండి."

"తెర కింది భాగంలో వేలిని మెల్లగా జరపండి. 'కొత్త సందేశం' అన్న మాట వినిపించగానే వేలు తీయండి. తరువాత తెరమీద ఎక్కడైనా వెంటవెంటనే రెండుసార్లు తట్టండి."

మొదటిది చూపున్నవారికి మాత్రమే చాలుతుంది. రెండవది వేలికి, చెవికి దారి చూపుతుంది. రంగును బట్టి, బొమ్మను బట్టి గుర్తుపట్టమని ఎక్కడా రాయకండి. ఫోను ఏ మాట పలుకుతుందో ఆ మాటనే రాయండి, అది ఇంగ్లీషు మాటైనా సరే. మీరు దానికి సొగసైన తెలుగు పేరు పెడితే, విన్న మాటకూ చదివిన మాటకూ పొంతన కుదరదు. ఒక్కొక్క వాక్యంలో ఒక్క పనే చెప్పండి. ఆ పని సరిగా జరిగితే ఏమి వినిపిస్తుందో వెంటనే తెలపండి.

ఒక హెచ్చరిక కూడా చేర్చండి. ఫోను గట్టిగా చదివినప్పుడు ఓటీపీ పక్కవారి చెవిన కూడా పడుతుంది. బ్యాంకు పనులు చేసేటప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం అలవాటు చేయించాలి.

5. అక్షరాల లోపలి రూపం

ఇటువంటి పుస్తకాలకు తెలియకుండానే జరిగే పెద్ద హాని ఇక్కడే ఉన్నది. మన డీటీపీ కేంద్రాలలో అను వంటి పాత ఫాంట్ల వాడుక చాలాకాలంగా ఉన్నది. అచ్చులో అవి అందంగానే కనిపిస్తాయి. కాని ఆ అక్షరాల అడుగున నిల్వ ఉండేది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఆ ఫైలును టాక్‌బ్యాక్‌కు ఇస్తే అర్థంలేని శబ్దాలు పలుకుతుంది. చూపు లేనివారి కోసం రాసిన పుస్తకం వారికే అందకుండా పోతుంది.

దీనికి పరిష్కారం యూనికోడ్. మొదటి నుండి యూనికోడ్‌లోనే టైపు చేయించండి. సరిచూసుకునే విధానం సులభం: సిద్ధమైన పీడీఎఫ్ నుండి ఒక వాక్యాన్ని కాపీ చేసి, వాట్సాప్ సందేశంలో పేస్ట్ చేయండి. తెలుగు వాక్యం చెక్కుచెదరకుండా వస్తే మంచిది. పిచ్చిగీతలు వస్తే ఆ ఫైలు పనికిరాదు. యూనికోడ్‌లో చేసిన పీడీఎఫ్‌లోనూ ఒత్తులు, గుణింతాలు ఒక్కొక్కప్పుడు చెదురుతాయి కనుక, ఈపబ్ రూపాన్ని కూడా తప్పక తయారు చేయండి. అధ్యాయాల పేర్లను కేవలం లావు అక్షరాలతో సరిపెట్టక, శీర్షికలుగా గుర్తించండి. అప్పుడు వినేవారు ఒక శీర్షిక నుండి మరొక దానికి నేరుగా పోగలుగుతారు. బొమ్మ వేస్తే, అందులో ఏమున్నదో ఒక వాక్యంలో రాయండి.

6. పరీక్షించడం

చిత్తుప్రతి పూర్తయిన తరువాత, ఎవరి కోసం రాశారో వారి దగ్గర కూర్చోండి. పాఠాన్ని చదివి వినిపించండి; వారి ఫోను మీద మీ వేలు పెట్టకండి. వారు ఎక్కడ ఆగిపోయారో అక్కడ మీ వాక్యం మార్చాలి. "అవ్వా, అట్ల కాదు, ఇటు ఇవ్వు" అని ఫోను లాక్కోవాలనిపించినప్పుడల్లా, ఆ చోటు పుస్తకంలో సరిగా రాలేదని గ్రహించాలి. కనీసం ముగ్గురితోనైనా ఇలా పరీక్షించాలి. వారిలో ఒకరైనా మీ ఇంటివారు కాకుండా ఉంటే మంచిది; ఇంటివారు మన తప్పులను మొహమాటంతో కప్పివేస్తారు.

7. ప్రచురణ విధులు

హక్కు: మన దేశంలో రచన చేసిన క్షణం నుండే రచయితకు కాపీరైటు ఉంటుంది, నమోదు తప్పనిసరి కాదు. ఫోను కంపెనీల సూచన పుస్తకాల నుండి పాఠాన్ని, బొమ్మలను ఎత్తిరాయకండి. 2012 నాటి సవరణతో మన కాపీరైటు చట్టం, వికలాంగులు చదువుకునేందుకు వీలైన రూపాలలోకి రచనలను మార్చడానికి వెసులుబాటు కల్పించింది. ఇదే ఉద్దేశంతో 2013లో కుదిరిన మర్రకేశ్ ఒప్పందాన్ని అన్ని దేశాలకన్నా ముందు, 2014లో, భారతదేశం ధ్రువీకరించింది.

ఐఎస్‌బీఎన్: ఈ 13 అంకెల సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. రచయిత స్వయంగా ప్రచురించుకుంటున్నా ఇస్తారు. అచ్చు ప్రతికి ఒక సంఖ్య, ఈపబ్‌కు మరొక సంఖ్య, మార్పులతో వచ్చే కొత్త కూర్పుకు మరల కొత్త సంఖ్య ఉండాలి.

ముద్రణ: ఈ పుస్తకం త్వరగా పాతబడుతుంది కనుక ఎక్కువ ప్రతులు వేయకండి. డిజిటల్ ముద్రణలో కొద్ది ప్రతులు వేసుకుని, అవసరాన్ని బట్టి మరికొన్ని వేయవచ్చు. అక్షరం పెద్దదిగా, నల్లగా ఉండాలి. మెరిసే కాగితం వద్దు. స్పైరల్ బైండింగు వేస్తే పుస్తకం బల్లమీద పరచినట్లు నిలుస్తుంది. రెండు చేతులూ ఫోనుకు దొరుకుతాయి.

ప్రతుల సమర్పణ: 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త 30 రోజులలోగా కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చెన్నై, ముంబై, ఢిల్లీ నగరాలలోని నిర్దిష్ట గ్రంథాలయాలకు ఒక్కొక్క ప్రతి తన ఖర్చుతో పంపాలి.

8. ఊరికి చేర్చడం

పండుగకు ఊరికి పోయినప్పుడు కొన్ని ప్రతులు వెంట తీసుకుపోండి. గ్రామ పంచాయతీ గ్రంథాలయానికి ఒక ప్రతి ఇవ్వండి. కర్ణాటకలో వికలాంగుల సేవకై పంచాయతీ స్థాయిలో గ్రామీణ పునర్వసతి కార్యకర్తలు ఉంటారు. వారికి ఒక ప్రతి, దానితోపాటు ధ్వనిరూపం అందజేయండి. ధ్వనిరూపాన్ని ఒక్కొక్క పనికి ఒక్కొక్క చిన్న ఫైలుగా చేస్తే వాట్సాప్‌లో పంపడం సులభం. గొంతు ఇంటివారిదే అయితే మరీ మంచిది. మనుమరాలి మాట వింటూ నేర్చుకునే అవ్వకు తొందర ఉండదు. ఎన్నిసార్లయినా వెనక్కు పోయి వినవచ్చు.

అభ్యాసం

1. మీ ఫోనులో టాక్‌బ్యాక్ లేదా వాయిస్‌ఓవర్‌ను ఆపే మార్గం ముందుగా తెలుసుకుని, ఆ తరువాత దానిని నడిపించండి. కళ్లు మూసుకుని మీ ఇంటికి ఫోను చేయండి. ఎక్కడ తడబడ్డారో రాసుకోండి.

2. 'వచ్చిన సందేశం వినడం' అనే పనిని ఎనిమిది వాక్యాలకు మించకుండా రాయండి. రంగు, బొమ్మ, 'ఇక్కడ', 'అక్కడ' అనే మాటలు వాడకండి.

3. ఆ ఎనిమిది వాక్యాలను ఊళ్లోని పెద్దలకు ఫోనులో చదివి వినిపించండి. వారు ఎవరి సాయమూ లేకుండా తమ సందేశాన్ని తామే వినగలిగితే, మీ కరదీపికలో మొదటి పుట సిద్ధమైనట్లే.