జ్వరం దాచకండి! (ఆరోగ్య పాఠం – ఫ్లూ)



వానాకాలంలో మన డార్మిటరీలో ఒక మూల దగ్గు మొదలైతే నాలుగు రోజుల్లో నాలుగు మూలలా వినిపిస్తుంది. అందుకే ఈసారి ఆరోగ్య పాఠం ఫ్లూ జ్వరం మీద. చివర ప్రశ్నలున్నాయి, పూర్తిగా చదవండి.

ఫ్లూ అంటే ఏమిటి?

దీని పూర్తి పేరు ఇన్‌ఫ్లూయెంజా. ఇది వైరస్ వల్ల వచ్చే జబ్బు. వానలో తడిస్తేనో, సీతాఫలం తింటేనో ఫ్లూ రాదు. వానకీ చలికీ కిటికీలు మూసుకుని అందరం దగ్గర దగ్గరగా పడుకుంటాం. అది వైరస్‌కి మంచి అదను. మన దేశంలో జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానలు వెనకబట్టే రోజుల్లో మరోసారి ఫ్లూ ఎక్కువవుతుంది.

1918లో ఈ జబ్బు ప్రపంచమంతా పాకింది. ఒక్క మన దేశంలోనే కోటి మందికి పైగా చనిపోయారు. అప్పటికి ఇది ఏ క్రిమి వల్ల వస్తోందో ఎవరికీ తెలీదు. మనుషుల్లో ఈ వైరస్‌ని 1933లో కనుక్కున్నారు. 2009లో స్వైన్ ఫ్లూ అని భయపెట్టిన రకం ఇప్పుడు మామూలు ఫ్లూ రకాల్లో కలిసిపోయింది. ఈ వైరస్ ఏటేటా కొద్దికొద్దిగా రూపం మార్చుకుంటుంది. అందుకే ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వస్తుంది. దీని టీకా కూడా ప్రతి ఏడాదీ వేయించుకోవాల్సిందే.

రొంపకీ ఫ్లూకీ తేడా

రొంప మెల్లగా మొదలవుతుంది. ముక్కు కారుతుంది, తుమ్ములు వస్తాయి, అయినా ఆడుకోగలం. ఫ్లూ అలా కాదు. పొద్దున ప్రార్థనలో బాగున్నవాడు మధ్యాహ్నానికి దుప్పటి కప్పుకుంటాడు. చలి, ఎక్కువ జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, గొంతునొప్పి, పొడిదగ్గు ఉంటాయి. జ్వరం మూడు నాలుగు రోజుల్లో తగ్గినా దగ్గు, నీరసం రెండు వారాల దాకా ఉండొచ్చు.

ముఖ్యమైన మాట: మన మన్యంలో జ్వరం రాగానే "ఫ్లూయేలే" అనుకోకూడదు. మలేరియాకీ చలీ జ్వరమూ వస్తాయి. దగ్గు ఉన్నా సరే, వేలి నుంచి రక్తపు చుక్క తీయించి పరీక్ష చేయించుకోవాలి. మలేరియా మందు వేరు. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

ఎలా అంటుకుంటుంది?

దగ్గినా, తుమ్మినా, గట్టిగా మాట్లాడినా వచ్చే తుంపర్ల ద్వారా అంటుకుంటుంది. చీదిన చేత్తో కుళాయి తిప్పితే, తర్వాత తిప్పినవాడి చేతికి వస్తుంది. వాడు ఆ చేత్తో ముక్కు నలిపితే చాలు. వైరస్ సోకిన 1 నుంచి 4 రోజుల్లో జబ్బు బయటపడుతుంది. బయటపడడానికి ఒక రోజు ముందు నుంచే ఇతరులకి అంటుతుంది. తర్వాత 5 నుంచి 7 రోజులు అంటుతూనే ఉంటుంది.

మనం ఎందుకు దాస్తాం?

పరీక్ష పోతుందని, ఆటల పోటీలకి తీసుకెళ్ళరని, సూది వేస్తారని, అందరిలో నుంచి విడిగా పడుకోబెడతారని దాస్తాం. కానీ ఒకడు దాచిన జ్వరం వరసలో పదిమందికి చేరుతుంది.

కొందరు ఇంకోలా చేస్తారు. జ్వరం రాగానే ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి ఊరెళ్ళిపోతారు. దారిలో ఆటోలో వాళ్ళకి, ఇంట్లో తాతకి, నాయనమ్మకి, ఉయ్యాల్లోని చెల్లికి అంటిస్తారు. ముసలివాళ్ళకి, పసిపిల్లలకి, గర్భిణులకి, ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఫ్లూ ప్రమాదం. కాబట్టి ముందు చెప్పాలి, పరీక్ష చేయించుకోవాలి, తర్వాతే ప్రయాణం మాట.

వార్డెన్ గార్లకి మా మనవి: జ్వరం అని చెప్పిన పిల్లాణ్ణి "బడి ఎగ్గొట్టడానికా?" అని అడగవద్దు. ఆ మాట విన్న రెండోవాడు తన జ్వరం దాస్తాడు.

ఏం చెయ్యాలి?

1. పడుకుని విశ్రాంతి తీసుకోవాలి. జ్వరం తగ్గాక కూడా ఒక రోజు ఆగాలి.
2. కాచి చల్లార్చిన నీళ్ళు, గంజి, చోడి జావ, చారు కొంచెం కొంచెంగా తాగుతుండాలి.
3. జ్వరానికి పారాసిటమాల్ చాలు. మోతాదు బరువుని బట్టి, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 30 కిలోల పిల్లవాడికి ఒక్కసారికి 300 నుంచి 450. మళ్ళీ వేసుకోవాలంటే 6 గంటలు ఆగాలి. నర్సమ్మ ఇస్తేనే వేసుకోండి.
4. ఆస్పిరిన్ మాత్ర పిల్లలు వేసుకోకూడదు. ఫ్లూలో అది మెదడుకీ కాలేయానికీ హాని చెయ్యగలదు.
5. యాంటీబయాటిక్ మందులు వైరస్ మీద పనిచెయ్యవు. నీళ్ళు తాగగలిగినవాడికి గ్లూకోజు బాటిలూ అక్కర్లేదు.
6. దగ్గుకి చెంచాడు అడవి తేనె హాయినిస్తుంది. ఏడాది లోపు పిల్లలకి మాత్రం తేనె పెట్టకూడదు.
7. ఫ్లూ వైరస్‌కి ఒసెల్టామివిర్ అనే మందుంది. డాక్టరు గారు అవసరమైనవాళ్ళకే రాస్తారు. 48 గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. తొలిరోజే చెప్పమనేది ఇందుకే.

వెంటనే 108కి ఫోన్ చెయ్యాల్సినవి

ఎగశ్వాస, డొక్కలు ఎగరెయ్యడం, పెదాలు నీలంగా మారడం, ఛాతీనొప్పి, మూర్ఛ, లేపినా లేవకుండా మగతగా ఉండడం, 8 గంటలుగా మూత్రం రాకపోవడం. తగ్గిన జ్వరం మళ్ళీ ఎక్కువై వచ్చినా ఆసుపత్రికి వెళ్ళాలి, అది నిమోనియా కావచ్చు. సికిల్ సెల్ ఉన్నవాళ్ళు ఏ జ్వరమైనా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

రాకుండా ఉండాలంటే

మోచేతి మడతలో దగ్గండి. చేతులు సబ్బుతో 20 సెకన్లు కడగండి. గ్లాసు, తువ్వాలు ఎవరివి వాళ్ళవే. ఒకరి తల వైపు పక్కవాళ్ళ కాళ్ళు వచ్చేలా పడుకోండి. పగలు కిటికీలన్నీ తెరవండి. 2020లో కరోనా వచ్చినప్పుడు నేర్చుకున్న మాస్కు దగ్గేవాళ్ళకి ఇప్పుడూ పనికొస్తుంది.

ప్రశ్నలు (జవాబులు స్టడీ అవర్లో చెప్పండి)

1. ఫ్లూ ఎన్ని రోజులు ఇతరులకి అంటుతుంది?
2. జ్వరం రాగానే ఏ పరీక్ష చేయించాలి? ఎందుకు?
3. పిల్లలు వేసుకోకూడని మాత్ర ఏది?

ఇంకా చదవడం రాని చిన్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఇది వాళ్ళ ఇంటి భాషలో చెప్పండి. వాళ్ళే ఎక్కువ దాస్తారు.