మేలుకొనని కంప్యూటరు

విద్యార్థులారా! మన కామాఠిపురమునకు సమీపముననే లామింగ్టన్ రోడ్డు కలదు. కంప్యూటరు భాగములను విడివిడిగా కొనుటకు ముంబయి నగరమున పేరెన్నికగన్న వీధి అది. అచ్చట కొన్న భాగములతో మన విద్యార్థి యొకడు తన చాల్ గదిలో కంప్యూటరును కూర్చెను. మీట నొక్కగా పంకా ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయెను. “మదర్‌బోర్డు కాలినది, వేరొకటి కొనవలెను” అని ఇరుగుపొరుగువారు తేల్చిరి. తండ్రి మరల అప్పు చేయుటకు సిద్ధపడెను. ఒక్క పూట ఆగుమని మేము కోరితిమి.

మన పూర్వులు ఈ నగరమునకు కట్టడపు పనులకై వచ్చినవారు. గోడ వంకరపోయినచో మేస్త్రీ గోడనంతయు కూల్చడు. ఏ వరుసయందు వంకర మొదలైనదో చూచును. కంప్యూటరు విషయమునను అదియే పద్ధతి. విద్యుత్తు వచ్చు త్రోవవెంట నడువవలెను.

మొదట గోడ ప్లగ్గును, తీగను, ఎస్.ఎం.పి.ఎస్. వెనుకనున్న మీటను చూడవలెను. 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులుగా మార్చునది ఈ ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాయే. పిదప మదర్‌బోర్డునకు పోవు 24 పిన్నుల ప్లగ్గును, ప్రాసెసరు చెంతనుండు 8 పిన్నుల ప్లగ్గును చూడవలెను. ఈ రెండవదానిని మరచినచో పంకాలు తిరుగును గాని తెరపై బొమ్మ రాదు. తరువాత ర్యామును గొళ్లెము టక్కుమని పడువరకు నొక్కవలెను. గ్రాఫిక్స్ కార్డు ఉన్నచో తెర తీగను దానికే తగిలింపవలెను. డి.డి.ఆర్.5 ర్యాము ఉన్నచో తొలిసారి బొమ్మ వచ్చుటకు కొన్ని నిమిషములు పట్టవచ్చును; తొందరపడరాదు.

ఆ యింట పంకా కదలినది గనుక విద్యుత్తు లోపలికి చేరుచున్నదని తేలినది. వెంటనే ఆగుటచే, ఎచ్చటనో షార్టు కలుగగా ఎస్.ఎం.పి.ఎస్. తన్ను తాను కాపాడుకొనుచున్నదని ఊహించితిమి. ప్లగ్గు తీసి, మదర్‌బోర్డును వెలికి తెచ్చి అట్టపెట్టెపై నుంచితిమి. ప్రాసెసరు, దాని పంకా, ఒక్క ర్యాము మాత్రమే ఉంచి, ప్లగ్గు మరల పెట్టి మీట నొక్కగా పంకా ఆగక తిరిగెను! కావున దోషము తీసివేసిన భాగములందో, కేబినెట్టునందో ఉండవలెను. కేబినెట్టును పరికింపగా, మదర్‌బోర్డును రేకునకు తగులకుండ ఎత్తిపట్టు చిన్న ఇత్తడి కాళ్లలో ఒకటి అధికముగా నుండెను. బోర్డున రంధ్రము లేనిచోట అది అడుగుభాగమునకు తగులుచుండెను. దానిని తీసి, భాగముల నొక్కొక్కటిగా మరల కూర్చి చూచితిమి. తెర వెలిగినది. అప్పు తప్పినది.

హెచ్చరిక: ప్లగ్గు తీసిన పిదపనే లోపల చేయి పెట్టవలెను. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసినను అందు ప్రమాదకరమగు విద్యుత్తు నిలిచియుండును.

తల్లిదండ్రులకు మనవి: కారణము తెలియకముందు క్రొత్త భాగమును కొనకుడు. పిల్లవానిని వెదకనిండు.

అభ్యాసము: పంకాలు తిరుగుచున్నవి, తెర నల్లగా నున్నది. ముందుగా చూడవలసిన మూడు తావు లేవి? కారణములు వ్రాయుడు.