గ్రంథాలయ శాస్త్రం: అంకెలు నేర్పాలా, విశ్లేషణ నేర్పాలా?

'1950లలో భారతదేశంలో వరి తెగుళ్ల నివారణ' అనే పుస్తకం మీ చేతికి వచ్చిందనుకుందాం. దాన్ని ఏ అరలో పెడతారు? వ్యవసాయంలోనా, వృక్షశాస్త్రంలోనా, చరిత్రలోనా? ఒక అరలో పెడితే, మరో దారిలో వెతికే పాఠకుడికి అది కనిపించకపోవచ్చు. గ్రంథాలయ శాస్త్ర విద్యార్థి మొదట ఎదుర్కొనే చిక్కు ఇదే.

గణిత అధ్యాపకుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడై, శిక్షణకు లండన్ వెళ్లారు. అక్కడ ఒక దుకాణంలో మెకానో ఆటబొమ్మల సెట్టు ఆయన కంటపడింది. అవే ముక్కలను వేర్వేరుగా బిగిస్తే వేర్వేరు బొమ్మలవుతాయి. విషయాలనూ అలాగే ముక్కల నుంచి కూర్చవచ్చని ఆయనకు తోచింది. 1933లో ఆయన 'కోలన్ వర్గీకరణ' వెలువడింది.

ఒక విషయంలోని ఒక్కో పార్శ్వాన్ని 'ఫేసెట్' అంటారు. రంగనాథన్ తర్వాతి కాలంలో వీటన్నిటినీ ఐదు మూల వర్గాల్లోకి తెచ్చారు: వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, స్థలం, కాలం. మన పుస్తకంలో వరి వ్యక్తిత్వం, తెగులు, నివారణ శక్తి, భారతదేశం స్థలం, 1950లు కాలం. పదార్థం ఇక్కడ లేదు. ప్రతి విషయంలోనూ ఐదూ ఉండనక్కర్లేదు.

ఆన్‌లైన్ దుకాణంలో ధర, రంగు, కంపెనీ అంటూ ఎంచుకుంటూ పోతే జాబితా చిన్నదవుతుంది కదా! అక్కడ పనిచేసేదీ ఫేసెట్ల సూత్రమే.

మన దేశంలో ఈ శిక్షణ 1911లో బరోడాలో మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో కోర్సు ప్రారంభించింది. 1962లో బెంగళూరులో డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. ఈ విద్యపై పరిశోధన చేసేవారి ముందున్న ప్రధాన ప్రశ్న: కంప్యూటర్ వచ్చాక తరగతిలో దేనికి ఎక్కువ సమయం ఇవ్వాలి?

పేరున్న పుస్తకానికి వర్గసంఖ్య వేరే గ్రంథాలయం రికార్డు నుంచి క్షణాల్లో దొరుకుతుంది. కానీ ఒక చిన్న ఊళ్లో అచ్చయిన తెలుగు పుస్తకానికి అలాంటి రికార్డు ఉండకపోవచ్చు. అప్పుడు గ్రంథపాలకుడే దాన్ని చదివి, విషయాన్ని విడదీయాలి. పట్టికలో అంకె వెతకడం మాత్రమే నేర్చుకున్నవారు అక్కడ ఆగిపోతారు. ఆ పుస్తకం అరలో ఉన్నా పాఠకుడికి లేనట్టే.

ఈసారి ఇంటర్నెట్‌లో ఏదైనా వెతికే ముందు మీ ప్రశ్నను ఇలా విడదీసి చూడండి: దేని గురించి? ఏం జరిగింది? ఎక్కడ? ఎప్పుడు? గ్రంథాలయ శాస్త్రంలో తొలి పాఠం మీకూ వచ్చినట్టే.