పొద్దుగాల మొదటి స్టార్టు

నారాయణఖేడ్

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. 2011 స్కోడా సూపర్బ్, 1.8 టీఎస్ఐ పెట్రోలు, ఆటోమేటిక్. బండి బాగుంది, కాదనను. 160 హార్స్‌పవర్, 1,500 ఆర్పీఎం నుంచే 250 న్యూటన్ మీటర్ల టార్క్. మన నాందేడ్ హైవే మీద చెరుకు ట్రాక్టర్‌ను దాటేటప్పుడు ఆ బలం ఏమిటో తెలుస్తుంది. ఈ బండ్లను బిగించింది అప్పటి ఔరంగాబాద్‌లో. ఒకప్పుడు ఆ ఊరూ మన ఊరూ నిజాం ఏలుబడిలోవే.

అయితే ఒక్క మాట మనసులో పెట్టుకో. ఇప్పుడు అది చిన్న మారుతి ధరకే వస్తుంది గానీ, సామాన్లు మాత్రం సూపర్బ్ ధరకే దొరుకుతాయి. అందుకే చేతిలో ఉన్న పైసలన్నీ బండికే పోయకు. నాలుగో వంతు పక్కన పెట్టుకో.

రంగు, సీట్లు తర్వాత చూద్దువు గానీ, ముందు చల్లటి ఇంజను స్టార్ట్ చేయించు. ఈ విషయం నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ఇట్లాంటిదే ఒక పాత టర్బో బండి చూడబోతే, నేను చేరేసరికి ఇంజను వేడిగా ఉంది. గుడికి పోయి వచ్చామన్నారు, నమ్మాను. ఇంటికి తెచ్చాక, పుష్యమాసం చలిలో ఒక పొద్దుగాల తాళం తిప్పితే, డబ్బాలో శనగలు పోసి ఊపినట్టు రెండు మూడు సెకన్లు చప్పుడు వచ్చి ఆగిపోయింది. చలికి అనుకున్నాను. మూడో నెలలో టైమింగ్ చైన్ పన్ను జారింది. వాల్వులు పిస్టన్లకు తగిలి వంగాయి. బండి కొన్న ధరలో సగం దానికే పోయింది.

ఆ చప్పుడు ఎందుకు వస్తుందో చెప్తాను. చైన్‌ను బిగువుగా పట్టుకునే టెన్షనర్‌కు ఆధారం ఆయిల్ ఒత్తిడి. రాత్రంతా బండి ఆగి ఉంటే ఆయిల్ కిందికి దిగుతుంది. టెన్షనర్ నీరసించి ఉంటే, మళ్లీ ఒత్తిడి అందేదాకా చైన్ వదులై కొట్టుకుంటుంది. వేడి ఇంజనులో ఇది వినపడదు. తొలినాటి టీఎస్ఐ ఇంజన్లలో ఈ టెన్షనర్ బలహీనత పేరు మోసినదే. మార్చి ఉంటే బిల్లు అడుగు.

టర్బో బతుకు కూడా ఆయిల్ మీదే. సైలెన్సర్‌కు పోయే వేడి గాలితోనే చక్రం తిరుగుతుంది, నిమిషానికి లక్షకు పైగా చుట్లు. ఆ ఇరుసును పట్టి ఉంచేది వెంట్రుకంత మందం కూడా లేని ఆయిల్ పొర. సంగారెడ్డి నుంచి ఒకే ఊపున వచ్చి టక్కున ఇంజను ఆపేస్తే, ఆయిల్ అక్కడే నిలిచి మాడి బొగ్గవుతుంది. అందుకే ఊళ్లోకి రాగానే కాలు తేలిక చెయ్యి, ఇంటి ముందు ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచు. పొద్దున బయల్దేరినప్పుడు కూడా మొదటి ఐదు కిలోమీటర్లు తొక్కకు.

కంపెనీ 15,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చమంటుంది. నువ్వు 7,500కే మార్చు. ఫుల్ సింథటిక్ 5డబ్ల్యూ-40, డబ్బా మీద వీడబ్ల్యూ 502.00 అని ఉండాలి. ఈ ఇంజన్లు ఆయిల్ తాగుతాయి కూడా. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా మామూలేనని తయారీదారే రాశాడు. అంతకన్నా తాగితే రింగుల పని ఉన్నట్టే. కొంతసేపు ఐడిల్‌లో ఉంచి గట్టిగా తొక్కినప్పుడు నీలం పొగ వస్తుందేమో వెనుక నిలబడి చూడు.

గేరుబాక్సును ఖాళీ రోడ్డు మీద చూసి లాభం లేదు. అది ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ, వేడెక్కితేనే దాని గుణం బయటపడుతుంది. పటాన్‌చెరు ట్రాఫిక్‌లో అరగంట నడిపించు. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు బండి వణికిందంటే, ధర ఎంత తగ్గించినా వద్దు. ఎందుకంటే ఆ క్లచ్‌నూ, గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్‌నూ బాగుచేసేవాళ్లు నారాయణఖేడ్‌లో లేరు, హైదరాబాద్‌కు టోయింగ్ చేయించాలి.

కూలెంట్ గులాబీ లేదా ఊదా రంగులో ఉండాలి. బోరు నీళ్లు పోసి ఉంటే డబ్బా అడుగున తుప్పు కనపడుతుంది. ఈ బండి ఇథనాల్ 20 శాతం కలిపే కాలానికి ముందుది, అందుకే పెట్రోలు పైపుల దగ్గర తడి, వాసన చూడు. వీలైనప్పుడల్లా 95 ఆక్టేన్ కొట్టించు.

కాగితాల సంగతి మనకు మరీ ముఖ్యం. మనది మూడు రాష్ట్రాల పొలిమేర. బీదర్ కేఏ 38 బండ్లు, నాందేడ్ ఎంహెచ్ 26 బండ్లు చవగ్గా వస్తాయి. ఎన్‌ఓసీ లేకుండా తెచ్చి తిప్పేవాళ్లను చూసి నువ్వూ అట్లే చేయకు. ఏడాది దాటితే ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకోవాలని చట్టం, లైఫ్ ట్యాక్స్ కూడా కట్టాలి. పైగా 2011 బండి కాబట్టి 2026తో 15 ఏళ్లు నిండుతాయి. ఫిట్‌నెస్ అయి, ఆర్‌సీ మరో ఐదేళ్లకు రెన్యువల్ అయిందో లేదో చూడు. ఫైనాన్స్ ఉంటే ఫారం 35 తీసుకోనిదే అడ్వాన్సు ఇవ్వకు.

ఆదివారం పొద్దుగాల ఆరింటికి వస్తున్నామని బండి అమ్మే అతనికి చెప్పు, బండి ముట్టుకోవద్దని గట్టిగా చెప్పు. నేను శనివారం రాత్రికే మీ ఇంటికి వస్తాను. డిప్‌స్టిక్ తుడవడానికి తెల్లటి నూలు బట్ట నా సంచిలోనే ఉంటుంది. బోనెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందా, తాళం కూడా అడగకుండా అక్కడి నుంచే తిరిగి వద్దాం.

మీ మామ