టాంగో విందుకు ఒంటరిగా వెళ్లొచ్చా?: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా పాప బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. సెలవు పెట్టి, వీపున సంచి తగిలించుకుని ఒక్కతే దక్షిణ అమెరికా తిరగడానికి వెళ్తోంది. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో రాత్రి భోజనం చేస్తూ టాంగో నాట్యం చూస్తుందట. అయ్యేసరికి అర్ధరాత్రవుతుందట. కాలేజీ రోజుల్లో రాత్రి ఎనిమిదికి బస్సు దిగుతుందంటేనే నేను వెళ్లి రోడ్డు మీద నిలబడేదాన్ని. వద్దని చెప్పమంటారా?
- ఒక తల్లి, తగరపువలస

జవాబు: వద్దనకండమ్మా. ఆ ప్రయాణంలో మీరు దిగులు పెట్టుకోనక్కర్లేని రాత్రి ఏదైనా ఉందంటే అది ఇదే. ఈ విందులు ఊరు చూడటానికి వచ్చినవాళ్ల కోసమే నడుస్తాయి. రాత్రి 8, 8.30కి భోజనం పెడతారు, 10 ప్రాంతంలో నాట్యం మొదలై అర్ధరాత్రికి కాస్త అటూ ఇటూగా ముగుస్తుంది. అక్కడివాళ్లు ఇళ్లలోనే 9 దాటాక గానీ భోంచేయరు కాబట్టి, ఆ వేళకు నడిబొడ్డు వీధుల్లో జనం తిరుగుతూనే ఉంటారు. చాలాచోట్ల టికెట్టులోనే బస నుంచి తీసుకెళ్లి మళ్లీ దింపే వ్యాను కలిసి ఉంటుంది. అలాంటి టికెట్టే కొనమనండి. కొన్ని వ్యాన్లు పెద్ద హోటళ్ల దగ్గరే ఆగుతాయి, అందుకని తన హాస్టల్ గుమ్మం దాకా వస్తుందో లేదో ముందే అడగమనండి.

అక్కడి గడియారం మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనక. అమ్మాయి నాట్యం చూడటం మొదలుపెట్టేసరికి మీకు తెల్లవారి 6.30, ముగిసేసరికి 8.30. వ్యాను ఒక్కొక్కరినీ దించుకుంటూ వస్తుంది కాబట్టి 9.30 దాకా మెసేజ్ రాకపోయినా అది మామూలే. 10.30 దాటినా ఫోన్ కలవకపోతే అప్పుడు హాస్టల్‌కు చేయండి. ఆ నంబరు ఇప్పుడే కాగితం మీద రాయించి పెట్టుకోండి.

ప్రశ్న: నా సంచిలో ఉన్నవి రెండు టీ షర్టులు, ఒక జీన్స్, నడక బూట్లు. ఆ హాళ్ల ఫోటోల్లో అందరూ కోట్లలో కనిపిస్తున్నారు. గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తారేమో! పైగా ఒంటరిగా బల్ల దగ్గర కూర్చోవాలంటే బెరుకు.
- ఒక యువకుడు, ఆనందపురం

జవాబు: మీలాంటివాళ్లు ఆ హాళ్లకు రోజూ వస్తూనే ఉంటారు. కోటు అక్కర్లేదు. శుభ్రమైన కాలర్ చొక్కా ఒకటి, ముదురు రంగు ప్యాంటు ఒకటి సంచిలో చుట్టి పెట్టుకుంటే చాలు. నిక్కరు, చెప్పులు మాత్రం వద్దు. ఒంటరిగా వచ్చినవాళ్లను చాలాసార్లు వేరేవాళ్లతో కలిపి కూర్చోబెడతారు, దీపాలు ఆరాక ఎవరి చూపైనా వేదిక మీదే. భోజనం ఖర్చు బరువనిపిస్తే నాట్యం వరకే టికెట్టు అడగండి, అది చవక. 1858లో తెరిచిన కాఫె టొర్తోనీ అనే పాత కాఫీ హోటల్ కింది అంతస్తులో చిన్న వేదిక మీద టాంగో ప్రదర్శనలు వేస్తారు. నాకైతే చిన్న చోటే ఇష్టం, అడుగుల చప్పుడు కూడా వినపడుతుంది.

ప్రశ్న: మేం శాకాహారులం. అక్కడ అందరూ ఆవు మాంసం తింటారని, బల్ల మీద వైన్ పెడతారని విన్నాను. ఆకలితో కూర్చోవాలా? తెలియక నోట్లో పెట్టుకుంటే ఎలా అని భయంగా ఉంది.
- ఒక గృహిణి, భీమిలి

జవాబు: ఆకలితో ఉండరమ్మా. అడిగినవారికి కూరగాయల వంటకం చేసిపెట్టడం ఆ హాళ్లకు అలవాటే, అయితే అక్కడికెళ్లాక కాదు, టికెట్టు కొనేటప్పుడే చెప్పాలి. జాగ్రత్త ఒక్కచోట కావాలి. వాళ్ల భాషలో ‘కార్నే’ అంటే చాలామందికి ఆవు మాంసమే. అది వద్దంటే కోడి ముక్కో పంది మాంసమో వేసి తెచ్చి, మీ మాట మన్నించామనే అనుకుంటారు. అందుకే ‘సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ హమోన్’ అని నాలుగూ వద్దని కాగితం మీద రాయించుకుని చూపించండి: ఆవు, కోడి, చేప, హామ్ (పంది తొడ మాంసం). సూపు మాంసం మరిగించిన నీళ్లతో చేస్తారు కాబట్టి అనుమానముంటే వదిలేయండి. వైన్ వద్దంటే ఎవరూ తప్పుపట్టరు, మంచినీళ్లు ఇస్తారు.

ప్రశ్న: నేను పోర్టులో పనిచేసి రిటైరయ్యాను. కొడుకూ కోడలూ ఈ నాట్యం చూడటానికి వెళ్తున్నారు. ఆడా మగా అంత హత్తుకుని ఆడటం ఏమిటి? అది మర్యాదస్తులు వెళ్లే చోటేనా? కోడల్ని వేదిక మీదికి లాగుతారేమోనని కూడా బెంగ.
- ఒక తండ్రి, తగరపువలస

జవాబు: మీ బెంగలో తప్పేమీ లేదండీ. ఆ దేశపు పెద్దింటివాళ్లు కూడా ఒకప్పుడు ఇదే మాట అన్నారు. కానీ ఈ నాట్యం పుట్టుక మీకు నాకంటే బాగా అర్థమవుతుంది, ఇది రేవు మనుషులది. 19వ శతాబ్దం చివర్లో బ్యూనస్ ఐరిస్, దానికి ఎదురుగా నది అవతలి మాంటెవిడియో రేవుల్లోకి ఇటలీ, స్పెయిన్‌ల నుంచి పని వెతుక్కుంటూ ఓడల నిండా జనం దిగారు. ఎక్కువమంది ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన మగవాళ్లు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి తాళాలు, పల్లెవాళ్ల పాటలు, వలస వచ్చినవాళ్ల దిగులు ఆ మురికివాడల్లో కలిసి టాంగో అయింది. రెండు చేతుల మధ్య సాగదీస్తూ వాయించే బాండోనియన్ అనే పెట్టె జర్మనీ నుంచి ఓడెక్కి వచ్చిందే. 1913 ప్రాంతంలో పారిస్ నగరం ఈ నాట్యం కోసం వెర్రెత్తిపోయాకే సొంతూరి ధనికులు దీన్ని ఇంట్లోకి రానిచ్చారు. 2009లో యునెస్కో అర్జెంటీనా, ఉరుగ్వేల ఉమ్మడి వారసత్వ సంపదగా గుర్తించింది.

వేదిక మీద ఆడేవాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసిన కళాకారులు. ఆ దగ్గరతనం లేకపోతే ఒకరి అడుగు ఒకరికి అందదు. కొన్నిచోట్ల చివర్లో సరదాకి ప్రేక్షకుల్ని పిలుస్తారు, కోడలుగారు నవ్వి తల అడ్డంగా ఊపితే అక్కడితో సరి. బలవంతపెట్టడం మర్యాద కాదని వాళ్లకూ తెలుసు.

ప్రశ్న: భోజనంతో టాంగో అంటే టూరిస్టుల కోసం వేసే వేషమట, అసలైంది కాదట. డబ్బు దండగ చేసుకుంటున్నానా? అసలైనది చూడాలంటే రాత్రిపూట తెలియని సందుల్లోకి వెళ్లాలా?
- ఒక విద్యార్థిని, రుషికొండ

జవాబు: మోసపోవడం లేదమ్మా, అయితే రెండూ వేరువేరు. అరకు రిసార్టులో పర్యాటకుల ముందు ఆడే థింసానూ, ఇటుకల పండగనాడు ఊళ్లో తమకోసం తాము నడుముల వెనక చేతులు పెనవేసుకుని ఆడే థింసానూ తలచుకోండి. ఆడేది అవే పాదాలు, కానీ రిసార్టులో చూపించడానికి, ఊళ్లో బతకడానికి. హాల్లో కాళ్లు గాలిలోకి ఎగురుతాయి, పైకెత్తడాలు ఉంటాయి. ఊరివాళ్లు తమకోసం ఆడుకునే చోటును మిలొంగా అంటారు. అక్కడ కాళ్లు నేలను వదలవు, డెబ్బై ఏళ్ల పెద్దాయన కళ్లు మూసుకుని ఆడుతుంటాడు. నన్నడిగితే మొదట హాల్లో చూడండి, చెవికి సంగీతం అలవాటవుతుంది. ఆ తర్వాత మిలొంగాకు వెళ్లండి, అసలు దాన్ని వదులుకోవద్దు.

సందుల్లోకి వెళ్లక్కర్లేదు. బెల్‌గ్రానో పేటలో పార్కు మధ్య మండపంలో లా గ్లోరియెటా అనే ఆరుబయట మిలొంగా జరుగుతుంది, గట్టు మీద కూర్చుని చూడొచ్చు. పలెర్మో పేటలోని లా విరుతాలో నాట్యానికి ముందు కొత్తవాళ్లకు పాఠం కూడా చెబుతారు. ఎవరైనా వచ్చి చేయి పట్టుకుంటారేమోనని భయపడకండి. అక్కడ పిలుపు కళ్లతోనే. దూరం నుంచి చూసి తల కొద్దిగా ఊపుతారు, ఇష్టం లేకపోతే చూపు తిప్పుకోవడమే. అది గమనించాక కూడా దగ్గరికొచ్చి విసిగిస్తే అది ఆ చోటి పద్ధతి కాదు, నిర్వాహకులకు చెప్పండి.

ప్రశ్న: పసుపు జ్వరం టీకా కార్డు లేకపోతే తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలోనే ఆపేస్తారని అన్నారు. నిజమేనా? టీకా వల్ల ప్రమాదమా?
- ఒక ఉద్యోగి, మధురవాడ

జవాబు: నిజమే, కానీ తేలిగ్గా దాటే గండం. అర్జెంటీనా మన ప్రభుత్వపు పసుపు జ్వరం దేశాల జాబితాలో ఉంది, కార్డు లేకుండా వస్తే 6 రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. విశాఖలోని పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్‌లో ఈ టీకా వేస్తారు. మన ఓడ ఉద్యోగులు వేయించుకునేదీ ఇదే. ఏ రోజున వేస్తారో ముందుగా కనుక్కుని పాస్‌పోర్టుతో వెళ్లండి. వేయించుకున్న 10 రోజులకు కార్డు చెల్లుబాటవుతుంది, ఆ పైన జీవితాంతం పనిచేస్తుంది. కొద్దిపాటి జ్వరం, ఒళ్లు నొప్పులు మామూలే. ఊపిరి అందకపోయినా, తీవ్ర జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు, 60 దాటినవాళ్లు వేయించుకునే ముందే డాక్టరుతో మాట్లాడాలి.

ప్రశ్న: బ్యూనస్ ఐరిస్‌లో నడుస్తున్నవాళ్ల బట్టల మీద ఏదో చల్లి సంచులు కొట్టేస్తారని చదివాను. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. ప్రయాణం మానుకోనా?
- ఒక యువతి, తగరపువలస

జవాబు: మానుకోకండి. ఆ ఎత్తు మీకు ముందే తెలిసింది, సగం రక్షణ అదే. ఆవపిండి ముద్దో పక్షి రెట్టలాంటిదో వీపు మీద పడుతుంది, వెంటనే ఒకరు జాలిగా తుడవడానికి వస్తారు, ఈలోగా మరొకరు సంచి లాగేస్తారు. అక్కడ ఆగకండి, ఎవర్నీ తుడవనివ్వకండి, సంచిని ఛాతీకి హత్తుకుని దగ్గర్లోని దుకాణంలోకి నడవండి. లా బోకా పేటలో రంగురంగుల కామినితో వీధి పగలు చూడదగ్గదే. అక్కడ టాంగో ఆడేవాళ్లతో ఫోటో దిగితే డబ్బు అడుగుతారు, అది మామూలే. ఆ నాలుగు వీధులు దాటి లోపలికి పోకండి, చీకటి పడకముందే వచ్చేయండి.

విందుకు వెళ్లే రాత్రి పాస్‌పోర్టు హాస్టల్ లాకర్లో పెట్టి, నకలు, ఒక కార్డు, కొంచెం నగదు మాత్రం పట్టుకెళ్లండి. ఎవరైనా బెదిరించి అడిగితే పెనుగులాడకుండా ఇచ్చేయండి. తర్వాత 911కు ఫోన్ చేసి, పోలీసు ఫిర్యాదు కాగితం తీసుకోండి. బీమా సొమ్ముకు అది కావాలి, పాస్‌పోర్టే పోతే ఆ నగరంలోని మన రాయబార కార్యాలయంలో చూపించాల్సిందీ అదే.